బెర్తా బెంజ్ గురించి ఒక్క లైన్ చెప్పి వదిలేయకండి

మహిళా దినోత్సవం వస్తే చాలు, వాట్సాప్‌లో ఒక పోస్టర్ తిరుగుతుంది. కారు వైపర్ కనిపెట్టింది మేరీ ఆండర్సన్, హీటర్ కనిపెట్టింది మార్గరెట్ విల్‌కాక్స్, కారులో మొదటి దూర ప్రయాణం చేసింది బెర్తా బెంజ్. పంపేవాళ్ల గౌరవం నిజమైనదే, కాదనను. కానీ ఇలా క్విజ్ జవాబుల్లా చెప్పుకోవడం వల్ల ఆ మనుషులు చేసిన అసలు పని మరుగున పడిపోతోంది. పైగా తప్పులూ దొర్లుతున్నాయి. విల్‌కాక్స్ 1893లో పేటెంట్ తీసుకున్న హీటర్ రైలు పెట్టెల కోసం చేసింది. మోటారు కార్లు అప్పటికి అమెరికాలో ఇంకా మొదలవుతున్నాయంతే.

బెర్తా సంగతి చూడండి. "భర్తకు చెప్పకుండా ఆయన కారు తీసుకుని పుట్టింటికి వెళ్లింది." మనకు తెలిసింది ఇంతే. పెళ్లికి ముందే తన కట్నం డబ్బు తెచ్చి, కాబోయే భర్త కార్ల్ బెంజ్ వర్క్‌షాపులో పెట్టింది ఆమే అని ఎంతమంది చెబుతారు? 1886లో వాళ్ల మోటారు బండికి పేటెంట్ వచ్చింది, కార్ల్ పేరు మీద. బండి తయారైంది గానీ, గుర్రం లేని బండిని నమ్మి కొనేవాళ్లు కరువయ్యారు.

1888 ఆగస్టులో ఆమె తన కొడుకులు యూజెన్‌నీ, రిచర్డ్‌నీ వెంటబెట్టుకుని జర్మనీలోని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి బయల్దేరింది. సుమారు 106 కిలోమీటర్లు. పెట్రోల్ బంకులు లేని రోజులు. దారిలోని వీస్లోఖ్‌లో మందుల షాపుకెళ్లి, బట్టల మీద మరకలు పోగొట్టడానికి అమ్మే లిగ్రోయిన్ అనే పెట్రోల్ లాంటి ద్రవం కొని బండిలో పోసింది. ఇంధనం వచ్చే గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. ఇగ్నిషన్ తీగకు ఇన్సులేషన్ కావాల్సి వస్తే మేజోళ్లు జారకుండా కట్టుకునే పట్టీ తీసి చుట్టింది. ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు ఆవిరైపోతుంటే దారి పొడవునా పోస్తూనే ఉండాల్సి వచ్చింది.

వీటన్నిటికంటే నాకు గొప్పగా అనిపించేది బ్రేకుల విషయం. ఆ బండి బ్రేకులంటే చక్రాన్ని ఒత్తి పట్టుకునే చెక్క దిమ్మలు. దిగుడు దారుల్లో అవి అరిగిపోయాయి. దారిలో చెప్పులు కుట్టే ఆయన దగ్గర ఆగి ఆ దిమ్మల మీద తోలు వేయించింది. అరిగేది తోలే కాబట్టి దిమ్మ మిగులుతుంది, తోలు మళ్లీ వేయించుకోవచ్చు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బ్రేక్ షూకి పాత లైనర్ పీకి కొత్తది రివెట్లు కొట్టి బిగించడం వెనకున్న ఆలోచన ఇదే. ఎత్తు ఎక్కలేక మొరాయించిన బండిని పిల్లలు తోశారు. ఇంటికొచ్చాక ఇంకో గేరు కావాలని కార్ల్‌కి చెప్పింది. ఇవాళ కంపెనీలు జీతాలిచ్చి టెస్ట్ ఇంజినీర్లతో చేయించే పని ఇది. దాన్ని పుట్టింటి ప్రయాణం అనేసి ఊరుకోవడం అన్యాయం.

ఫ్లోరెన్స్ లారెన్స్ పేరైతే ఆ పోస్టర్‌లోనే ఉండదు. మూకీ సినిమాల నటి. బటన్ నొక్కితే కారు వెనక నుంచి లేచి, ఎటు తిరుగుతున్నామో చెప్పే చేతిలాంటి సిగ్నల్‌ని 1914 ప్రాంతంలో తయారుచేసింది. పేటెంట్ తీసుకోలేదు.

పేటెంట్ ఉన్నా ఏం జరిగిందో మేరీ ఆండర్సన్‌ని చూస్తే తెలుస్తుంది. ఆమెది అలబామా, ఇంజినీరు కాదు. చలికాలంలో న్యూయార్క్ వెళ్లినప్పుడు ట్రామ్ డ్రైవర్ మంచు కురుస్తుంటే దారి కనపడక ముందు అద్దం తెరుచుకుని, ఆ చలిగాలిని ముఖం మీద భరిస్తూ నడపడం చూసింది. లోపల కూర్చునే పిడి తిప్పితే బయట రబ్బరు పట్టీ అద్దాన్ని తుడిచే ఏర్పాటు చేసి 1903లో పేటెంట్ తీసుకుంది. అదే రోజుల్లో ఇంకొందరూ ఇలాంటివి చేశారు. అందుకని "మొట్టమొదట ఎవరు" అనే గొడవ నాకు ముఖ్యం కాదు. 1905లో కెనడాలోని ఒక సంస్థకు హక్కులు అమ్మబోతే, దీనికి వ్యాపార విలువ లేదని తిప్పి పంపారు. 1920లో పేటెంట్ గడువు తీరిపోయింది. కార్ల అమ్మకాలు అప్పుడే ఊపందుకుంటున్నాయి. ప్రతి కారుకీ వైపర్ వచ్చింది, ఆమెకు మాత్రం పైసా రాలేదు. అమెరికాలో ఆవిష్కర్తల హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమె పేరు చేర్చింది 2011లో. ఆమె 1953లోనే చనిపోయింది.