ఎండు ఇసుక రాడార్‌కు అనుకూలమే, ప్లాస్టిక్ మందుపాతరకు ఇంకా అనుకూలం

నేలలోపల ఏముందో చూసే జీపీఆర్ రాడార్‌కు ఎడారిని మించిన చోటు లేదన్న నమ్మకం సర్వే రంగంలో బాగా పాతుకుపోయింది. నమ్మకానికి ఆధారం లేకపోలేదు. 1981 నవంబరులో కొలంబియా స్పేస్ షటిల్ మోసుకెళ్లిన ఎస్ఐఆర్-ఏ రాడార్ 23.5 సెంటీమీటర్ల తరంగాలతో ఈజిప్టు, సూడాన్ సరిహద్దులోని సెలీమా ఇసుక మైదానాన్ని చిత్రించినప్పుడు, ఇసుక కింద ఏనాడో ఎండిపోయిన నదీలోయలు బయటపడ్డాయి. పైనున్న మీటరు, రెండు మీటర్ల ఇసుక దానికి అడ్డు కాలేదు. అయితే లోయ వేరు, అరచేతిలో పట్టే మందుపాతర వేరు. ఎడారి కాబట్టి పాతిపెట్టింది ఏదైనా దొరుకుతుందనుకుంటే మనుషుల ప్రాణాలు పోతాయి.

లోతు సంగతి మొదట చూద్దాం. తడి లేని ఇసుకలో రాడార్ తరంగం నానోసెకనుకు సుమారు 15 సెంటీమీటర్లు వెళ్తుంది. రెండు మీటర్ల లోతులోని వస్తువును తాకి తిరిగి రావడానికి 27 నానోసెకన్లు చాలు, శక్తి కూడా పెద్దగా కరగదు. తడి ఇసుకలో వేగం 6 సెంటీమీటర్లకు పడిపోతుంది. అందులో ఉప్పు కూడా కలిస్తే తరంగం దాదాపు చచ్చిపోతుంది.

అసలు చిక్కు ప్రతిధ్వనిలో ఉంది. రెండు పదార్థాల పర్మిటివిటీలో, అంటే విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎంత స్పందిస్తుందో చెప్పే కొలతలో, తేడా ఉన్నప్పుడే తరంగం వెనక్కి వస్తుంది. ఎండు ఇసుకకు అది దాదాపు 4, మందుపాతరలోని పేలుడు పదార్థం టీఎన్‌టీకి, ప్లాస్టిక్ తొడుగుకు సుమారు 3. లెక్క కడితే తరంగం ఎత్తులో తిరిగొచ్చేది 7 శాతం, శక్తిలో అయితే అర శాతం. అదే మందుపాతర తడి ఇసుకలో, అంటే పర్మిటివిటీ 20 ఉన్న చోట, ఉంటే 44 శాతం ఎత్తుతో కొడుతుంది. ఏ పొడితనం రాడార్‌కు దారి ఇస్తుందో, ఆ పొడితనమే ప్లాస్టిక్‌ను దాచేస్తుంది. 1990–91లో ఇరాక్ సైన్యం కువైట్ ఇసుకలో పాతిన ఇటలీ తయారీ వీఎస్-50 మందుపాతర వ్యాసం 9 సెంటీమీటర్లే, తొడుగంతా ప్లాస్టిక్. ఈజిప్టులోని ఎల్ అలమైన్‌లో 1942లో జర్మన్లు పాతిన టెల్లర్ మందుపాతర అలా కాదు. అడుగు వెడల్పు ఉక్కు పళ్లెం అది. తెరపై తెల్లటి గొడుగులా వంపు తిరిగి, కింద అదే వంపు రెండు మూడుసార్లు మళ్లీ మెరుస్తుంది. ఈ రెండింటినీ ఒకే పరికరం, ఒకే సెట్టింగ్‌తో వెతకమనడం అన్యాయం.

ప్లాస్టిక్ పాతరలో మనకు ఒక మేలు ఉంది. దాన్ని పేల్చే ఫ్యూజు చుట్టూ కాస్త గాలి ఖాళీ ఉంటుంది. ఇసుకకూ గాలికీ మధ్య ప్రతిధ్వని 33 శాతం దాకా వస్తుంది. కానీ ఎలుక కన్నం, కుళ్లిపోయిన పొద వేరు కూడా అలాగే కనిపిస్తాయి. తప్పుడు హెచ్చరికలకు ఇవీ కారణమే.

లోతుగా ఉన్నదానికన్నా పైపైన ఉన్నదే కష్టం, ఇది చాలామందికి తట్టదు. 5 సెంటీమీటర్ల లోతులోని పాతర నుంచి ప్రతిధ్వని నేలమట్టం ప్రతిధ్వని వచ్చిన 0.67 నానోసెకన్లకే వస్తుంది. 400 మెగాహెర్ట్జ్ యాంటెన్నాలో ఒక్క ఆవర్తనమే 2.5 నానోసెకన్లు, అంటే రెండూ కలిసిపోతాయి. ఇసుకలో పూడిపోయిన పాత గోడలకు, పూర్వం పడవలను పాతిపెట్టిన గోతులకు 400 సరిపోతుంది. మందుపాతరకు 1,500 మెగాహెర్ట్జ్ లేదా అంతకన్నా పైన ఉండాలి. లోతు తగ్గినా నష్టం లేదు.

నేల కూడా అంతటా ఒకేలా ఉండదు. అలమైన్ యుద్ధరేఖ సముద్రం నుంచి ఖట్టారా పల్లం దాకా సుమారు 60 కిలోమీటర్లు సాగింది. దక్షిణాన ఆ పల్లంలో ఉన్నది చవుడు నేల, అరబ్బులు సబ్ఖా అంటారు. పైన ఉప్పు పెచ్చు, కింద ఉప్పు తడి. ఉత్తరాన ఎండు ఇసుకలో రెండు మీటర్లు చూసిన పరికరానికి ఇక్కడ కొన్ని సెంటీమీటర్లు కూడా గగనమే. అందుకే యంత్రం దించకముందు పది చోట్ల గుంట తీసి తేమ, ఉప్పు కొలవాలి. కంపెనీ కరపత్రంలో రాసిన లోతును నమ్మి ఒప్పందం రాసుకోకూడదు.

తర్వాత వేగం. ఇనుప కడ్డీని సరిగ్గా మీటరు లోతున అడ్డంగా పాతి, దాని వంపుతో వేగం లెక్కించాలి. పుస్తకంలోని 10 సెంటీమీటర్ల వేగాన్ని వాడేస్తే మీటరున్నర లోతులోని వస్తువు మీటరు దగ్గర ఉన్నట్టు చూపిస్తుంది. తవ్వేవాళ్లు మీటరు దగ్గర ఆపి "ఏమీ లేదు" అని రాసేస్తారు. దూరం కొలిచే చక్రం వదులు ఇసుకలో జారుతుంది, కాబట్టి ప్రతి 10 మీటర్లకు టేపుతో సరిచూడాలి. గాలి మడతలు పెట్టిన ఇసుకపై యాంటెన్నా ఎగిరెగిరి పడితే నేలమట్టం ప్రతిధ్వని మారిపోతుంది. ముందు మడతలను చదును చేద్దామంటే, అనుమానమున్న నేలపై ఎవరు కాలు పెడతారు? తీరప్రాంతంలో తెల్లవారుజామున మంచు కురిస్తే పైపొర తడుస్తుంది. యంత్రాన్ని నడిపిన సర్వే గీతల్లో ఉదయం వాటినీ మధ్యాహ్నం వాటినీ ఒకే సెట్టింగ్‌తో పోల్చకూడదు. చిన్న వస్తువులకు గీతల మధ్య 10 సెంటీమీటర్లు మించితే వృథా.

జీపీఆర్‌ను మెటల్ డిటెక్టర్‌తో జతచేసిన చేతి పరికరాలు, అమెరికా సైన్యం వాడే ఏఎన్/పీఎస్ఎస్-14 లాంటివి, మంచి దారే. ఇనుప ముక్కల తప్పుడు కూతలను రాడార్ తగ్గిస్తుంది. కానీ లోహం లేని పాతరలో డిటెక్టర్ మౌనంగా ఉంటుంది, అప్పుడు భారమంతా ఆ 7 శాతం ప్రతిధ్వని మీదే. మనుషులపై వాడే మందుపాతర డిటెక్టర్‌కు 8 గ్రాముల ఇనుముకు సమానమైన సంకేతం ఇవ్వాలని మందుపాతరలపై అంతర్జాతీయ ఒప్పందమైన 1996 సవరణ ప్రోటోకాల్ నిర్దేశించింది, అంతకుముందే పాతినవాటికి అది లేదు. అందుకే అక్కడి ఇసుకలోనే, అదే రకం ప్లాస్టిక్ నమూనాలను 2, 5, 10, 15 సెంటీమీటర్ల లోతుల్లో పాతిన పరీక్ష బాటలో యంత్రం ఎన్నింటిని పట్టిందో చూశాకే దాన్ని నమ్మాలి. ఆ సంఖ్య, ఆ రోజు ఇసుక తేమతో పాటు, క్లియరెన్స్ నివేదిక మొదటి పేజీలోనే ఉండాలి.