మోసగాడి పూర్తి చిరునామా జతపరచవలెను

మోటారు వాహనాల శాఖకు ఫిర్యాదు చేయబోయే పౌరుడు ముందుగా గ్రహించవలసిన విషయం ఒకటుంది: ఈ వ్యవస్థ పుట్టిందే ఫిర్యాదులోంచి. కార్ల్ బెంజ్ తాను తయారుచేసిన మోటారు బండిని జర్మనీలోని మన్‌హైమ్ వీధుల్లో తిప్పుతుంటే, ఆ చప్పుడూ వాసనా భరించలేక జనం గొడవ చేశారు. దాంతో 1888లో ఆయన ఆ ప్రాంతాన్నేలే బాడెన్ ప్రభుత్వం నుండి బండి నడుపుకోవడానికి లిఖితపూర్వకమైన అనుమతి తెచ్చుకోవలసి వచ్చింది. ప్రపంచంలో తొలి డ్రైవింగు లైసెన్సుగా చెప్పుకునే కాగితం అదే. అయిదేళ్లు తిరిగేసరికి, 1893 ఆగస్టు 14న, ప్రతి మోటారు బండికీ యజమాని పేరూ చిరునామా, దానికి కేటాయించిన నంబరూ చెక్కిన లోహపు పలక ఉండి తీరాలని పారిస్ పోలీసులు ఆదేశించారు. తరువాతి తరాలవారు ఆ పలక మీద నంబరు ఒక్కటే ఉంచి, పేరునూ చిరునామానూ ఫిర్యాదు ఫారంలోకి బదిలీ చేశారు. వాటిని పూరించే బాధ్యత మాత్రం ఫిర్యాదుదారుడికి అప్పగించారు.

ఈ ఏర్పాటులోని ఔచిత్యం నాకు స్వానుభవం మీద బోధపడింది. నిరుడు నేనొక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. మీటరు 46,210 కిలోమీటర్లు చూపిస్తోంది. అమ్మినాయన దాన్ని ఆదివారాలు తప్ప బయటికి తీయలేదని చెప్పాడు, చెబుతూ బానెట్ మీద కన్నకూతురి తల నిమిరినట్లు చెయ్యి వేశాడు కూడా. పది రోజుల తర్వాత మెకానిక్ డ్రైవరు సీటు పక్కన గొంతుక్కూర్చుని, టార్చి వేసి, బ్రేకు పెడలు చూపించాడు. రబ్బరు మీది గీతలు పూర్తిగా అరిగిపోయి, కుడి అంచున లోపలి ఇనుము తళతళలాడుతోంది. స్టీరింగు తోలు పైభాగాన రోకలిలా నున్నబడింది. బానెట్ కింద, గీకెయ్యాలని ఎవరికీ గుర్తురాని మూల, పాత గ్యారేజీ అంటించిన చీటీ: ‘తదుపరి ఆయిలు మార్పు 1,05,000’. “మీటరు మాట మార్చుద్ది గానీ పెడలు మార్చదు సార్,” అన్నాడు మెకానిక్.

మీటరు తిప్పడమన్నది ఒకప్పుడు ఓపికతో కూడిన చేతిపని. అంకెల చక్రాలను విప్పి ఒక్కొక్కటిగా వెనక్కి జరపాలి. ఇప్పుడు స్టీరింగు కింద ఉండే సాకెట్టుకు చిన్న పరికరం తగిలిస్తే, టీ చల్లారేలోగా కారుకు పదేళ్ల వయసు తగ్గుతుంది. అమెరికాలో దీన్ని 1972లోనే చట్టవిరుద్ధం చేశారు. అయినా అక్కడ ఏటా 4,50,000కు పైగా వాహనాలు తప్పుడు రీడింగుతో చేతులు మారుతున్నాయని ఆ దేశపు రహదారి భద్రతా సంస్థే అంచనా వేసింది. ఇంతటి అంతర్జాతీయ పరిశ్రమకు నేను కూడా యథాశక్తి చందా ఇచ్చానన్న సంగతిని శాఖవారి దృష్టికి తేవడం నా విధిగా భావించి, కార్యాలయానికి వెళ్లి, ఫిర్యాదు ఫారం అడిగి తీసుకున్నాను.

ఫారం నాలుగు పేజీలు. మొదటి మూడు పేజీలూ నా గురించే. నా పేరు, నా తండ్రి పేరు, నా గుర్తింపు పత్రం, అది అసలైనదేనని ధ్రువీకరించే మరొక పత్రం, ఇంతకుముందు నేను ఎవరి మీదైనా ఫిర్యాదు చేసి ఉంటే ఆ వివరాలు. నాలుగో పేజీ పైన మోసగాడికి ఒకటిన్నర అంగుళం జాగా వదిలారు. అందులో అతడి పూర్తి పేరు, ప్రస్తుత చిరునామా, శాశ్వత చిరునామా రాయాలి. సంతకం నమూనా ‘ఉన్నచో’ జతచేయాలి. మోసం జరిగిన తేదీ, సమయం అన్న గడి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మీటరు తిప్పేటప్పుడు నన్ను పిలవలేదు. ఇందులో శాఖవారి తప్పేమీ లేదు. మోసగాడు ఏ ఫారమూ నింపడు కనుక, అతడి గురించి వారికేమీ తెలిసే అవకాశం లేదు. ఫిర్యాదుదారుడొక్కడే ఒళ్లంతా కాగితాలతో నడిచివస్తాడు కనుక, అనుమానించడానికి చేతికందే మనిషి అతడే.

కార్లు తనిఖీకి వస్తాయి. వచ్చినప్పుడల్లా మీటరు రీడింగు రికార్డులోకి ఎక్కుతుంది. అంటే నా కారు అసలు వయసు ఆ కార్యాలయం కంప్యూటరులోనే ఉందన్నమాట. ఈ సంగతి ఏడో కౌంటరులో మనవి చేసుకున్నాను. అక్కడి ఉద్యోగి తెర వైపు చూసి, చాలా మర్యాదగా, “కిందటి తనిఖీలో 1,09,480 అని ఉందండీ,” అన్నారు. ‘మరి ఇప్పుడు 46,210 ఉంది కదా’ అన్నాను. “అవునండీ, తగ్గింది,” అన్నారు, జ్వరం తగ్గిందని కబురు చెప్పినంత ప్రసన్నంగా. అయితే ఆయన కళ్లారా చూసిన ఆ అంకె రుజువుగా చెల్లదు. దానికి ధ్రువీకరించిన నకలు కావాలి. ఆ నకలు మూడో కౌంటరులో రుసుము కడితే ఇస్తారు, నేను దాన్ని తీసుకువెళ్లి ఏడో కౌంటరులో సమర్పించాలి. మూడో కౌంటరులోనూ అదే కంప్యూటరు, అదే రికార్డు. అయినా అక్కడ తేలిందేమిటంటే, నేను కొనకముందటి రికార్డు పాత యజమాని వ్యక్తిగత సమాచారం కిందికి వస్తుందట. దాన్ని నాకివ్వాలంటే ఆయన సమ్మతి పత్రం ఉండాలట. మోసగాడి గోప్యతను ఇంత పదిలంగా కాపాడే చోటు లోకంలో మరొకటి నాకు తెలియదు. ఆయన ఎక్కడున్నాడో తెలిస్తే సమ్మతి అడుగుతానని, దయచేసి చిరునామా ఇప్పించమని కోరాను. అది నాలుగో పేజీలో నేను పూరించవలసిన గడి అని గుర్తుచేశారు.

బండి చట్రం మీద చెక్కే గుర్తింపు సంఖ్య, అంటే చాసిస్ నంబరుదీ ఇదే వరస. నేటి వాహనానికి ఆ నంబరులో 17 స్థానాలుంటాయి. ఒకటితో, సున్నాతో పొరబడకుండా ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలను అసలు వాడరు. ఉత్తర అమెరికా పద్ధతిలోనైతే తొమ్మిదో స్థానం కాపలాదారు: మిగిలిన పదహారింటినీ లెక్కగట్టి పదకొండుతో భాగిస్తే వచ్చే శేషం అక్కడ కనిపించాలి, పది శేషమైతే ఎక్స్ అక్షరం పడాలి. లేకుంటే ఆ నంబరు ఎక్కడో తప్పిందన్నమాట. అంటే దొంగబండికి నోటికొచ్చిన నంబరు కొడితే ఆ నంబరే తన మీద తాను ఫిర్యాదు చేసుకునే అవకాశం ఎక్కువ. ఫారం లేకుండా, గుర్తింపు పత్రం లేకుండా చేసిన అలాంటి ఫిర్యాదును ఏ కౌంటరూ స్వీకరించదు, అది వేరే మాట.

ఉద్యోగి మీద ఫిర్యాదు చేయదలచినవారి మార్గం ఇంకా నిష్కంటకం. పేరు లేకుండా రాస్తే ‘ఆకాశరామన్న ఉత్తరం’ అని పక్కన పెడతారు. పేరుతో రాస్తే ఒక ప్రతిని ఆ ఉద్యోగికే పంపి వివరణ కోరతారు. పరీక్ష పెట్టకుండానే లైసెన్సు ఇప్పిస్తానని దళారి డబ్బు గుంజాడని రాస్తే, ‘చెల్లింపు రసీదు జతపరచవలెను’ అన్న నిబంధన ఎదురవుతుంది. లంచానికి రసీదు అడిగి పుచ్చుకోని పౌరుడి అజాగ్రత్తకు శాఖవారేం చేస్తారు?

ఇక నకిలీ నంబరు పలకల సంగతి. మన నంబరు మరొకరి బండి మీద తిరుగుతూ, జరిమానాలు మాత్రం మన ఇంటికి వస్తుంటే, మనం ఆ సమయంలో ఆ కూడలిలో లేమని నిరూపించుకోవాలి. కెమెరా తీసిన ఫొటో తెప్పించుకుని, ఆ బండికి లేని సొట్ట మన బండికి ఉందని చూపించడమే దీనికున్న దారి. సొట్టలు బాగుచేయించుకోకండి.

నిజానికి వేగం కావలసినవారికి శాఖ పేరుతో నడిచే సమాంతర సేవ ఒకటి ఉంది. ‘మీ లైసెన్సు ఈ రాత్రికి రద్దవుతుంది, జరిమానా కట్టడానికి ఈ లింకు నొక్కండి’ అని మొన్న అర్ధరాత్రి నాకొక సందేశం వచ్చింది. ‘ఎవరు మీరు?’ అని రాశాను. పన్నెండు సెకన్లలో జవాబు వచ్చింది, నమస్కారంతో సహా. నా నోటి నుండి మాట రాకముందే సానుభూతి చూపారు, గడువు పొడిగించారు, జరిమానాలో రాయితీ కూడా ఇచ్చారు. ఇంత చల్లని మాట విన్నాక ఇది శాఖవారిది కాదని రూఢి అయింది. లింకు జోలికి పోకుండా, ఆ సందేశం ఫొటో తీసి భద్రపరచుకుని, శాఖ అసలు వెబ్‌సైటును నా చేతులతో నేనే టైపు చేసి తెరిచి ఫిర్యాదు పంపాను. ‘ఈ చిరునామాకు ప్రత్యుత్తరం ఇవ్వవద్దు’ అన్న జవాబు వచ్చింది. అది అసలైనదే. (ఆ లింకులో కార్డు నంబరు కొట్టేసినవారు మాత్రం శాఖ కోసం ఆగకూడదు, ముందు బ్యాంకుకు ఫోను చేసి కార్డు ఆపించాలి. ఈ ఒక్క వాక్యంలో వ్యంగ్యం లేదు.)

బెల్జియం వంటి దేశాలు ఈ సంప్రదాయానికి తీరని ద్రోహం చేశాయి. అక్కడ 2006 నుండి కార్-పాస్ అనే ఏర్పాటు ఉంది. బండి ఏ గ్యారేజీకి వెళ్లినా ఆ రోజు రీడింగు ఒకేచోట నమోదు చేయాలి; పాత కారు అమ్మేవాడు ఆ రీడింగుల చరిత్ర ఉన్న కాగితాన్ని కొనేవాడి చేతిలో పెట్టాలి. అంటే బేరం తెగకముందే అంకెలన్నీ బయటపడతాయి. ఇక మనిషి మోసపోయేదెప్పుడు, బాధపడేదెప్పుడు, ఫారం నింపేదెప్పుడు? నాలుగు పేజీల ఫారంలో ఇమిడి ఉన్న పాలనా సంస్కృతిని ఒక్క కాగితంతో తుడిచిపెట్టడం ఏ రకమైన నాగరికతో నాకు అంతుబట్టలేదు.

నా ఫిర్యాదు విషయంలో మాత్రం నేను ఆశ వదులుకోలేదు. మా ఇంటి నుండి ఆ కార్యాలయానికి రానూ పోనూ 38 కిలోమీటర్లు. వెళ్లేదీ ఆ కారులోనే. మొన్న ఏడో కౌంటరు ముందు వరసలో నిలబడి వేలి మీద లెక్క వేసుకున్నాను. మీటరు 46,210 నుండి బయలుదేరి, రికార్డులో ఉన్న 1,09,480కి చేరడానికి సరిగ్గా 1,665 ప్రయాణాలు పడతాయి. ఆ రోజు రాగానే మీటరుకూ రికార్డుకూ మధ్య తేడా అంటూ ఏమీ మిగలదు, శాఖవారు నిశ్చింతగా ఫైలు మూసేయవచ్చు. ఇప్పటికి పదకొండు ప్రయాణాలు పూర్తయ్యాయి. పన్నెండోది సోమవారం, పాస్‌పోర్టు సైజు ఫొటోలు రెండు తెమ్మన్నారు, కారువి కాదు, నావి.