త్వరగా అయ్యే చదువు అడిగితే తప్పేంటి?

ఇంటర్ ఫలితాలు వచ్చాక విజయవాడ, గుంటూరు డిగ్రీ కాలేజీల్లో అడ్మిషన్ల కోసం వచ్చే తల్లిదండ్రులు ముందు ఫీజు సంగతి అడుగుతారు. ఆ వెంటనే ‘ఏ గ్రూపు తీసుకుంటే తొందరగా అయిపోతుందండీ?’ అని అడుగుతారు. ఈ మాట వినగానే ముఖం చిట్లించేవాళ్లున్నారు. చదువుకు ఆసక్తి ఉండాలి గానీ తొందరేమిటని హితబోధ చేస్తారు. దాన్ని మేము ఒప్పుకోం. ఆటోనగర్ షెడ్డులో పనిచేసే తండ్రికీ, మిర్చి తొడిమలు తీసే కూలికి వెళ్లే తల్లికీ చదువు ఒక ఏడాది పెరిగితే అప్పు కూడా ఒక ఏడాది పెరుగుతుంది. వాళ్లు అడిగేది న్యాయమైన ప్రశ్నే.

లెక్క తేడా వస్తున్నది వేరేచోట. పట్టా చేతికొచ్చే రోజు దగ్గరే లెక్క ఆపేస్తున్నాం. నికరంగా జీతం మొదలయ్యే రోజు దాకా లెక్క వేస్తే కొన్ని ‘చిన్న’ కోర్సులు చాలా పెద్దవని తేలుతుంది. బడిలో పాఠాలు చెప్పాలనుకునే పిల్లకు బీఎస్సీ మూడేళ్లతో పని అయిపోదు, ఆపైన రెండేళ్ల బీఈడీ ఉంటుంది, ఆ తర్వాత ప్రభుత్వ టీచర్ పోస్టుల డీఎస్సీ కోసం ఎదురుచూపు.

పాలిటెక్నిక్ సంగతే చూడండి. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి చేరితే చాలా బ్రాంచిల్లో డిప్లొమా మూడేళ్లు. తర్వాత ఈసెట్ రాస్తే బీటెక్ నేరుగా రెండో ఏడాదిలో చేరవచ్చు, అంటే ఇంకో మూడేళ్లు. మొత్తం ఆరేళ్లు. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు కలిపినా ఆరేళ్లే. కాలం ఒక్క రోజు కూడా నష్టపోకుండా, మధ్యలో ఇంటి పరిస్థితి తిరగబడితే ఉద్యోగానికి పనికొచ్చే సర్టిఫికెట్ ఒకటి చేతిలో ఉంటుంది. అయినా మన ఇళ్లలో డిప్లొమా అంటే ఇంటర్‌కు పనికిరానివాడి చదువు అన్నట్టే మాట్లాడతాం. ఈ చిన్నచూపు వల్ల నష్టపోతున్నది, తొందరగా సంపాదన కావాల్సిన కుటుంబాలే. మరోపక్క, మూడేళ్ల డిగ్రీ ఎక్కువంటున్న ఇళ్లలోనే నీట్ లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు మారుమాట లేకుండా పోతున్నాయి.

డిగ్రీలో అసలు ఆలస్యం సప్లీల వల్ల, అంటే తప్పిన పేపర్లు మళ్లీ రాయాల్సి రావడం వల్ల. 2023-24 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీకి సింగిల్ మేజర్, అంటే ఒకే సబ్జెక్టును ప్రధానంగా చదివే విధానం వచ్చింది. ఇదివరకు ఎంపీసీ తీసుకున్నవాడికి మూడు సబ్జెక్టులూ సమానం, ఒకటి కష్టమైనా మిగతా రెండూ ఆదుకునేవి. ఈ విధానంలో బరువు ఎక్కువగా ఒక్క మేజర్ మీదే. పక్కింటి అబ్బాయి తీసుకున్నాడనో, సులువుగా అయిపోతుందన్నారనో ఇష్టం లేని సబ్జెక్టు పట్టుకుంటే రెండో ఏడాది నుంచే పేపర్లు మిగిలిపోతాయి. ఒక్క పేపర్ కోసం మళ్లీ ఫీజు కట్టి, పరీక్ష రాసి, రిజల్ట్ కోసం కాచుకుని కూర్చునే కుర్రాడికి అది మూడేళ్ల కోర్సు కాదు. తోటివాళ్లు ఇంటర్వ్యూలకు వెళ్తుంటే వాడి చేతిలో ప్రొవిజనల్ సర్టిఫికెట్ కూడా ఉండదు. ఆ టెన్షన్ ఇంట్లో చెప్పుకోలేక నలిగిపోయే పిల్లలు ఎందరో.

విదేశాలకు వెళ్లాలనుకునేవాళ్లు ఇంకొకటి గమనించాలి. అమెరికాలో చాలా యూనివర్సిటీలు ఎంఎస్‌కు ఒకటో తరగతి నుంచి లెక్కేసి పదహారేళ్ల చదువు చూస్తాయి. మూడేళ్ల డిగ్రీతో ఆ లెక్క పదిహేను దగ్గరే ఆగుతుంది. నాలుగో ఏడాది ఆనర్స్ చేయాలా, ఇక్కడే పీజీ చేయాలా అన్నది మేజర్ ఎంచుకునే రోజే ఆలోచించాలి.

నిజంగా వేగంగా చదవగల పిల్లలకు దారి లేకపోలేదు. మూడేళ్ల డిగ్రీని ఐదు సెమిస్టర్లలోనే పూర్తిచేసే వీలును 2024 చివర్లో విశ్వవిద్యాలయాలకు నిబంధనలు పెట్టే యూజీసీ ఆమోదించింది. సిలబస్ తగ్గదు, క్రెడిట్లు తగ్గవు, సెమిస్టర్‌కు చదవాల్సింది పెరుగుతుంది. మొదటి లేదా రెండో సెమిస్టర్ తర్వాత కమిటీ పరిశీలించి, సీట్లలో పది శాతం మించకుండా అనుమతించవచ్చు. మిగిలేది ఆరు నెలలే. కానీ ఇంటి బరువు మోయాల్సిన పిల్లకు ఆరు నెలల జీతం చిన్న విషయం కాదు. నాగార్జున, కృష్ణా విశ్వవిద్యాలయాలు తమ పరిధిలో ఈ అవకాశం ఏ కాలేజీలో, ఏ కోర్సుకు ఉందో అడ్మిషన్లకు ముందే తెలుగులో ప్రకటించాలి. సెమిస్టర్ ఫలితాలు, సప్లిమెంటరీ ఫలితాలు చెప్పిన తేదీకి ఇవ్వాలి.

కాలేజీలు కూడా గేటు దగ్గర ర్యాంకర్ల ఫొటోల ఫ్లెక్సీలతో సరిపెట్టుకోకూడదు. ప్రతి మేజర్‌లో ఎంతమంది చేరారు, వారిలో మూడేళ్లకే అన్ని పేపర్లూ పాసై బయటికొచ్చినవారు ఎంతమంది, వాళ్లు ఇప్పుడేం చేస్తున్నారు అన్న వివరాలు అప్లికేషన్‌తో పాటే ఇవ్వాలి. ఇవ్వని కాలేజీకి కౌన్సెలింగ్ జాబితాలో చోటివ్వకుండా ఉన్నత విద్యామండలి ఈ ఏడాదే నిబంధన పెట్టాలి.