ఒళ్లు పొగరు సిద్ధాంతం

ఉపాధ్యాయుల శిక్షణ తరగతుల్లో ఈ మధ్య ఒక ప్రమాదకరమైన ప్రచారం జరుగుతోంది. పిల్లవాడు అల్లరి చేసినా, ఎదురు తిరిగినా, పుస్తకం విసిరికొట్టినా దాని వెనక ఏదో ఒక అవసరం ఉంటుందట. మాస్టారు ముందు దాన్ని కనిపెట్టాలట. బడి బాగు కోరేవాడిగా దీన్ని ఖండించడం నా బాధ్యత.

తరతరాలుగా మన స్టాఫ్‌రూముల్లో అన్ని జబ్బులకూ ఒకటే పేరుంది: ఒళ్లు పొగరు. దీనికి పరీక్షలు అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. వైద్యం కూడా చవకే. గోడకుర్చీ, గుంజీలు, తొడపాశం. 'దండం దశగుణం భవేత్' అని పెద్దలు ఊరికే అన్నారా? కాకపోతే ఆ శ్లోకాన్ని మొదటి నుంచి ఎవరూ చదవకుండా చూసుకోవాలి. కర్ర ఎక్కడెక్కడ పనికొస్తుందో అందులో వరసగా ఉంది: పక్షులు, కుక్కలు, శత్రువులు, పాములు, పశువులు, బురద, నీళ్లు, గుడ్డితనం, చీకటి, ముసలితనం. లెక్క పదికి సరిపోయింది గానీ ఐదో తరగతి బి సెక్షన్ మాత్రం కనపడదు. రాసుకున్నవాడి పొరపాటై ఉంటుంది.

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. చట్టమంటే మనకు గౌరవం. అందుకే బెత్తం బీరువాలో పెట్టి స్కేలు తీశాం.

ఇక ఆ కొత్త పద్ధతి సంగతి. గొడవకు ముందు ఏం జరిగింది, పిల్లవాడు ఏం చేశాడు, తర్వాత వాడికి ఏం దక్కింది, ఈ మూడూ కొన్నాళ్లు కాగితం మీద రాయాలట. రాస్తే ఏమవుతుందో చూడండి. ఒకడు రోజూ లెక్కల పీరియడ్‌లోనే పక్కవాణ్ణి తంతాడు. మాస్టారు రోజూ వాణ్ణి వరండాలోకి గెంటేస్తారు. వాడికి కావాల్సిందీ అదే! భిన్నాల లెక్క బోర్డు మీదే ఉండిపోతుంది, వాడు వరండాలో చల్లగా ఉంటాడు. మనం శిక్ష అనుకున్నది వాడికి జీతం. ఇంకాస్త తవ్వితే, వాడికి లెక్క రాక కాదు, లెక్కలోని వాక్యం చదవడం రాదని తేలుతుంది. ఐదో తరగతి పిల్లవాడికి చదవడం నేర్పాల్సింది ఎవరు? చూశారా, నేరం ఎక్కణ్ణుంచి ఎక్కడికొచ్చిందో. దసరాలోపు సిలబస్ అవ్వాలా, ఇలాంటివి తవ్వుకుంటూ కూర్చోవాలా?

ఇంకొకడు ఎప్పుడూ పక్కవాడి నోట్సులోకి తొంగిచూస్తూ గుసగుసలాడుతుంటాడు. బోర్డు మసకగా కనపడుతోందేమోనని అనుమానించడం మన సంప్రదాయం కాదు. పైగా వాళ్ల నాన్న బళ్లో చేర్పించేటప్పుడే స్పష్టంగా చెప్పాడు, "కళ్లు రెండూ వదిలేసి తోలు ఒలిచేయండి సార్" అని. మాట తప్పలేదు. తోలు సంగతి చూసుకుంటున్నాం, కళ్ల జోలికి ఇంతవరకూ ఎవరం పోలేదు.

బళ్లో బాత్‌రూమ్‌కి వెళ్లలేక పొద్దున్నుంచీ మంచినీళ్లు ముట్టని అమ్మాయి మధ్యాహ్నానికి చిరాకుపడుతుంది. అదీ పొగరే. తలుపు గడియ బాగుచేయించడం కంటే అలా అనుకోవడం సులువు.

నా అసలు భయం వేరే ఉంది. ఈ రోగం పిల్లలతో ఆగదు. అరవై మంది ఉన్న క్లాసులో వరసగా పాఠాలు చెప్పి, మధ్యలో కోడిగుడ్ల ఫొటో యాప్‌లో పెట్టి, ఓటర్ల జాబితా పని చూసుకుని, చివరి పీరియడ్‌లో గొంతు చించుకుని అరిచిన మాస్టారి వెనక కూడా ఏదో అవసరం ఉందని రేపు ఎవరైనా అంటే? అప్పుడు పైవాళ్లు పోస్టులు నింపాలి, పనులు తగ్గించాలి. అంత దూరం ఎందుకు? ఆయనకీ పొగరేనని ఒక మెమో ఇస్తే సరి. దానికి ఫార్మాట్ ఆఫీసులో రెడీగానే ఉంది, పేరు, తేదీ నింపుకోవడమే.