బ్రిటిష్ బ్లూస్ 1966లో పుట్టలేదు, అట్ట మీద పేర్లు చూసి సీడీ కొనకండి

బ్రిటిష్ బ్లూస్, అంటే అమెరికా నల్లజాతి వాళ్ల బ్లూస్ సంగీతాన్ని బ్రిటన్ వాళ్లు అందుకుని వాయించినది, కొత్తగా వినాలనుకునే వాళ్లకి ఒక సలహా ఈమధ్య తెగ షేర్ అవుతోంది. అందులో ఉన్నది ఇది: ఈ సంగీతం 1966లో జాన్ మేయల్, ఎరిక్ క్లాప్టన్ కలిసి చేసిన ఆల్బమ్‌తో పుట్టింది, అంతకుముందు జరిగింది జాజ్ వాళ్ల కాలక్షేపం, అందుకని క్లాప్టన్, జిమ్మీ పేజ్, జెఫ్ బెక్ లాంటి గిటారిస్టుల పేర్లున్న ఏ కంపైలేషన్ (పాటల సంకలనం) కొన్నా చాలు, ఎలాగూ అంతా అమెరికా నల్లజాతి కళాకారులకి కాపీయే. ఇందులో ఒక్క ముక్క కూడా నిలబడదు.

ముందు 1966 సంగతి. ఆ ఆల్బమ్ గొప్పదే, నాకూ ప్రాణం. లెస్ పాల్ రకం ఎలక్ట్రిక్ గిటార్‌ని మార్షల్ ఆంప్‌కి, అంటే శబ్దం పెంచే పెట్టెకి, తగిలించి స్టూడియోలో కూడా వేదిక మీద వాయించినంత గట్టిగా వాయించి క్లాప్టన్ తెచ్చిన ఆ మోత అప్పటికి కొత్త. అయితే అప్పటికే ఈ కథ పన్నెండేళ్లు నడిచింది. 1954 జులైలో క్రిస్ బార్బర్ జాజ్ బ్యాండ్ రికార్డింగ్‌లో లోనీ డొనెగన్ గిటార్ పట్టుకుని, అమెరికా నల్లజాతి గాయకుడు లెడ్ బెల్లీ పాడిన 'రాక్ ఐలండ్ లైన్' అందుకున్నాడు. బార్బర్ తన ట్రాంబోన్ పక్కనపెట్టి డబుల్ బేస్ వాయించాడు, బెరిల్ బ్రైడెన్ అనే ఆవిడ బట్టలుతికే వాష్‌బోర్డ్ మీద తాళం వేసింది. 1956లో అది పెద్ద హిట్టయి, దేశమంతా కుర్రాళ్లు చవక గిటార్లు కొనుక్కుని స్కిఫుల్ అనే ఈ రకం సంగీతం వాయించడం మొదలుపెట్టారు. 1957లో లండన్ సోహోలోని రౌండ్‌హౌస్ అనే పబ్‌లో అలెక్సిస్ కోర్నర్, సిరిల్ డేవిస్ బ్లూస్ కోసమే ఒక క్లబ్ నడిపారు. తర్వాత వీళ్లే బ్లూస్ ఇన్‌కార్పొరేటెడ్ బ్యాండ్ పెట్టి 1962 మార్చి 17న ఈలింగ్‌లో ఇంకో క్లబ్ తెరిస్తే, అక్కడికి వచ్చిన కుర్రాళ్లలో తర్వాత రోలింగ్ స్టోన్స్ అయిన బ్రయన్ జోన్స్, మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్ ఉన్నారు. రోలింగ్ స్టోన్స్ పాడిన 'లిటిల్ రెడ్ రూస్టర్' 1964 డిసెంబర్‌లో బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది, అచ్చమైన బ్లూస్ పాట అది. మరి 1966లో పుట్టడమేంటి?

"జాజ్ వాళ్ల కాలక్షేపం" అన్న మాట దగ్గర నాకు నిజంగా కోపం వస్తుంది. అమెరికా నల్లజాతి కళాకారులైన సిస్టర్ రొసెట్టా థార్ప్‌ని 1957లో, సోనీ టెర్రీ, బ్రౌనీ మెక్‌గీ జంటనీ, ఆ తర్వాత మడ్డీ వాటర్స్‌నీ 1958లో ఇంగ్లండ్‌కి రప్పించి, తన బ్యాండ్‌తో కలిపి ఊరూరా కచేరీలు చేయించింది క్రిస్ బార్బరే, ఆ జాజ్ మనిషే. అక్కడ ఎలక్ట్రిక్ గిటార్‌తో మడ్డీ వాటర్స్ వాయించింది విన్నాకే కోర్నర్, డేవిస్ కరెంటు వాద్యాల వైపు తిరిగారు. బార్బర్ బ్యాండ్‌లోనే 1955 నుంచి ఒట్టిలీ ప్యాటర్సన్ పాడింది. ఉత్తర ఐర్లండ్‌లోని కోంబర్ అనే చిన్న ఊరి అమ్మాయి, అమెరికా బ్లూస్ గాయని బెస్సీ స్మిత్ పాటలు ఆ గొంతులో వింటే ఒళ్లు పులకరిస్తుంది. గిటార్ వీరుల జాబితాలో ఆవిడకి చోటే లేదు.

ఇక పెద్ద పేర్ల సంగతి, డబ్బులు పోయేది ఇక్కడే. 1965లో క్లాప్టన్, పేజ్ ఇద్దరూ పేజ్ ఇంట్లో కూర్చుని సరదాగా వాయించుకుంటే టేపులో ఎక్కింది. ఆ టేపు మీద తర్వాత రోలింగ్ స్టోన్స్ మనుషుల చేత బేస్, డ్రమ్స్, మౌత్ ఆర్గాన్ వగైరా కలిపించి, 1968లో ఇమ్మీడియట్ అనే రికార్డు కంపెనీ తన బ్రిటిష్ బ్లూస్ సంకలనాల్లో పెట్టి అమ్మింది. అప్పట్నుంచి అవే ముక్కలు కొత్త కొత్త అట్టలతో మళ్లీ మళ్లీ వస్తున్నాయి. నేను మొదట కొన్న డబుల్ సీడీ అలాంటిదే, మొదట్లో ఇదే బ్రిటిష్ బ్లూస్ కాబోలు అనుకుని చాలా రోజులు వేరేది వెతకలేదు. ఆ ముక్కలు పనికిరానివని కాదు, ఇల్లు కట్టకముందు గీసుకున్న చిత్తు గీతలు లాంటివి, మొదటిసారి వినేవాళ్లకి పెట్టాల్సినవి కావు. అట్టని నమ్మొద్దనడానికి ఇంకో రుజువు కావాలా? బ్లూస్ ఇన్‌కార్పొరేటెడ్ 1962 ఆల్బమ్ పేరు 'ఆర్ అండ్ బీ ఫ్రమ్ ద మార్కీ', కానీ రికార్డయింది లండన్‌లోని మార్కీ క్లబ్‌లో కాదు, డెక్కా స్టూడియోలో. నిజంగా మార్కీలో జనం కేకల మధ్య వినాలంటే 1964 నాటి 'ఫైవ్ లైవ్ యార్డ్‌బర్డ్స్' వినండి.

కాపీ అన్నదానికి పెద్ద జవాబు అక్కర్లేదు. ఫ్లీట్‌వుడ్ మ్యాక్ బ్యాండ్ తొలి రోజుల్లో పీటర్ గ్రీన్ గిటార్‌ని ఎవరితో పోలుస్తారు? నేర్చుకున్నది అమెరికా బ్లూస్ గిటారిస్టు బీబీ కింగ్ లాంటి వాళ్ల రికార్డుల నుంచే, వాయించింది మాత్రం తనదే. కాకపోతే అసలు పాట రాసినవాళ్ల పేరు, అంటే విల్లీ డిక్సన్, రాబర్ట్ జాన్సన్ లాంటి వాళ్ల పేర్లు, ప్రతి పాట పక్కనా వేయాలి. అవి వేయని కంపైలేషన్‌ని నేను ముట్టుకోను.

మరి ఏది కొనాలంటే, సీడీని తిప్పి వెనకవైపు చూడండి. ఏ పాట ఏ సంవత్సరం రికార్డయిందో, ఎవరు వాయించారో రాసుందా? 1966కి ముందువి కనీసం సగం ఉన్నాయా? లోపలి చిన్న పుస్తకంలో కోర్నర్, బార్బర్, మైక్ వెర్నన్ పేర్లు కనిపిస్తున్నాయా? వెర్నన్ ఆ మేయల్ ఆల్బమ్ నిర్మాత, బ్లూ హొరైజన్ అనే లేబుల్ పెట్టి ఫ్లీట్‌వుడ్ మ్యాక్, చికెన్ షాక్ లాంటి వాళ్లని వెలుగులోకి తెచ్చినవాడు. ఆన్‌లైన్‌లో వింటే ఈ వివరాలన్నీ చాలాసార్లు కనిపించవు, అందుకే ముందు పాటల పట్టీ వెతికి చూసుకోండి.

ఆ పట్టీలో నేను మొట్టమొదట వెతికేది సిరిల్ డేవిస్ 'కంట్రీ లైన్ స్పెషల్', 1963 నాటిది. కార్ల సొట్టలు తీసే పని చేసుకుంటూ బ్లూస్ వాయించిన మనిషి, 1964 జనవరిలో ముప్పైరెండు నిండకుండానే పోయాడు. ఆ మౌత్ ఆర్గాన్ రైలు బయల్దేరినట్టు మొదలవుతుంది, క్లాప్టన్ ఆల్బమ్ రావడానికి ఇంకా మూడేళ్లుంది.