ఉప్పుడు బియ్యం మిల్లులో ‘మధ్య సరుకు సున్నా’ కుదరదు

“కాన్‌బాన్ కార్డులు తగిలిస్తే చాలు, ఏ ఫ్యాక్టరీలోనైనా మధ్యలో నిలిచే సరుకు సున్నా అవుతుంది, దిగుబడి పెరుగుతుంది. మిగతా పద్ధతులన్నీ పేరు మార్చిన కాన్‌బానే” అన్న మాట ఫోన్లలో తెగ తిరుగుతోంది. కాన్‌బాన్ అంటే, తర్వాతి దశ సరుకు వాడుకోగానే అంత సరుకు మళ్లీ చేయమని ముందు దశకు కార్డుతో చెప్పే పద్ధతి. మండపేట, రామచంద్రపురం వైపు ఉప్పుడు బియ్యం మిల్లుల్లో ఆ మాట నమ్మి పనిచేస్తే పాడయ్యేది ధాన్యమే.

ముందు ఆ సున్నా సంగతి. ధాన్యం 70 డిగ్రీల నీళ్లలో దాదాపు 4 గంటలు నానాలి, ఆవిరి పట్టాలి. సుమారు 35 శాతం తేమను 16–18కి దించాక కొన్ని గంటలు బిన్నులో ఉంచి, తర్వాతే 14కి ఆరబెట్టాలి. ఆ ఆగుడు తీసేస్తే పైన ఆరి లోపల తడి మిగిలి గింజ పగులుతుంది, పొట్టు తీసే షెల్లర్ దగ్గర నూక పెరుగుతుంది. అంటే కొంత నిలవ పనిలో భాగమే.

దిగుబడి పెరుగుతుందా? తేమను 16–18కి దించే మొదటి డ్రయ్యర్ 24 టన్నుల బ్యాచ్‌కు 6 గంటలు తీసుకుంటుందనుకుందాం. గంటకు 4 టన్నులు, అంతే. నానడం, ఆవిరి కలిపి 5 గంటలు, డ్రయ్యర్ 6, మొత్తం 11. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం (మధ్యలో ఉన్న సరుకు = గంటకు బయటికొచ్చేది × పట్టే గంటలు) ప్రకారం మధ్యలో సగటున ఉండాల్సింది 44 టన్నులు. 88 ఉంచితే బయటికొచ్చేది అదే 4 టన్నులు, పట్టేది 22 గంటలు. అదనంగా పెరిగిన 11 గంటలూ ధాన్యం తడిగా పడి ఉన్నవే. రంగు మారేది, వాసన పట్టేది అప్పుడే.

అన్నీ ఒకటే అనడం మరీ తప్పు. టయోటా కాన్‌బాన్‌లో ప్రతి రకానికీ ప్రతి దశలో వేరే కార్డు. స్వర్ణ, 1010 వరి రకాలు రెండూ ఆడించే మిల్లులో అది నిలవను పెంచుతుంది. పైగా ట్యాంకు ఖాళీ కాగానే కార్డు తిరిగొచ్చి మళ్లీ నానపోయమంటుంది. ఆ బ్యాచ్ ఆవిరి వంతు వచ్చేదాకా 2 గంటలు వేడినీళ్లలో ఎక్కువ నానుతుంది, గింజ విచ్చుకుంటుంది. 1990లో స్పియర్‌మన్, వుడ్రఫ్, హాప్ ప్రతిపాదించిన కాన్విప్ లైనంతటికీ ఒకే పరిమితి పెడుతుంది, రకం పట్టించుకోదు. కానీ డ్రయ్యర్ ఆగితే ఆ పరిమితి మేర సరుకంతా దాని ముందే తడిగా చేరుతుంది.

ఇక్కడ సరిపడేది నిర్వహణ నిపుణుడు గోల్డ్‌రాట్ చెప్పిన ‘తాడు’ పద్ధతి. అన్నిటికంటే నెమ్మదైన డ్రయ్యర్‌కే నానపోయడాన్ని కట్టేయాలి: డ్రయ్యర్ మొదలైన గంటకు తర్వాతి బ్యాచ్ నానపోయండి. ఎలివేటర్ బెల్టు తెగి 2 గంటలు ఆగిందా, నానపోయడం కూడా 2 గంటలు జరపండి. అప్పటికే ఆవిరి పట్టిందుంటే కళ్లంలో పలచగా పరవండి.

14 శాతానికి ఆరిన ధాన్యం మాత్రం ఆగగలదు. చివరి డ్రయ్యర్ తర్వాత, షెల్లర్‌కూ పాలిషర్‌కూ మధ్య, కాన్‌బాన్ నిక్షేపంగా పనిచేస్తుంది.