ఇనుప పువ్వులో బాధితుల వాటా ఎంత?

యుద్ధంలో సర్వం కోల్పోయినవారికి సంఘీభావంగా లోహంతో చేసిన కళాఖండాలు మన ముందుకు వచ్చినప్పుడు వాటి అందాన్ని మెచ్చుకుని ఊరుకోవడం సరిపోదు. అందులో ఎవరి శ్రమ ఉంది, ఆ లోహం ఎక్కడిది, బాధితులకు దక్కేదేమిటి అని కూడా అడగాలి.

2016 సెప్టెంబరులో బెల్జియంలోని ఈప్ర్ పట్టణంలో పలు దేశాల కమ్మరులు కొలుములు పెట్టి, మొదటి ప్రపంచ యుద్ధ మృతుల స్మారకానికి 2016 ఉక్కు గసగసాల పూలను తయారుచేశారు. కాగిన ఇనుము ఎరుపు తగ్గకముందే ఒకరు పట్టకారుతో తిప్పుతుంటే మరొకరు సమ్మెట వేసే పనిలో, ఒకరి భాష మరొకరికి రాకపోయినా దెబ్బల లయ మాత్రం కలవాలి. సంఘీభావాన్ని చేతులతో ఆచరించడమంటే ఇదేనని నేను నమ్ముతాను. ఆ స్మారకాన్ని 44 వేలకు పైగా జర్మన్ సైనికులను ఖననం చేసిన లాంగెమార్క్ శ్మశానవాటికకు సమీపంలో నెలకొల్పారు. బ్రిటన్, కామన్వెల్త్ దేశాలు తమ మృతుల కోసం ధరించే పువ్వును నాటి శత్రువుల సమాధుల చెంతకు తీసుకెళ్లడం చిన్న విషయం కాదు. అయితే ఆ యుద్ధం ముగిసి వందేళ్లు కావస్తుండగా జరిగిన పని అది. దానిని సరిదిద్దగల బాధితులు అప్పటికే లేరు.

మొజాంబిక్‌లో అలా కాదు. అక్కడ 1977 నుంచి 1992 వరకు అంతర్యుద్ధం సాగింది. ప్రజలు దాచిన ఆయుధాలను అప్పగిస్తే బదులుగా వ్యవసాయ పనిముట్లు, కుట్టుమిషన్లు, సైకిళ్లు ఇచ్చే పథకాన్ని 1995లో బిషప్ డినిస్ సెంగులానే చొరవతో క్రైస్తవ మండలి ప్రారంభించింది. పనికిరాకుండా చేసిన ఆ తుపాకుల ముక్కలతోనే కళాకారుడు క్రిస్టోవావ్ కన్యవాటో 2001లో ‘ఆయుధాల సింహాసనం’ నిర్మించారు. నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఆ కుర్చీలోని తుపాకుల్లో ఏదీ మొజాంబిక్‌లో తయారైనది కాదు. ఆయుధాలు పంపిన దేశాల బాధ్యతను అది బాధితుల పక్షాన నిలిచి ప్రశ్నిస్తుంది, పైగా దాని వెనుక ఎన్నో కుటుంబాలకు బతుకుతెరువు చూపిన మార్పిడి ఉంది. నా దృష్టిలో పూల స్మారకం కంటే ఇది బలమైన సంఘీభావం.

లావోస్‌లో పరిస్థితి మరింత చిక్కైనది. 1964–73 మధ్య అమెరికా 20 లక్షల టన్నులకు పైగా బాంబులు కురిపించిన ఆ దేశంలో, నాపియా గ్రామస్థులు యుద్ధ శిథిలాల అల్యూమినియాన్ని కరిగించి చెంచాలు పోస్తారు. వాటిని కొనడం వారికి ఆదాయమే. కానీ పేలని బాంబులు ఇంకా నేలలో ఉండగా తుక్కుకు గిరాకీ పెరిగితే దానిని ఏరేవారి ప్రాణాలకే ముప్పు. అందువల్ల ఇటువంటి వస్తువులను అమ్మే సంస్థలు లోహాన్ని ఎవరు, ఎంత భద్రంగా సేకరించారో, రాబడిలో ఎంత భాగం బాంబుల తొలగింపుకు, క్షతగాత్రుల చికిత్సకు వెళుతుందో కొనుగోలుదారుకు రాతపూర్వకంగా తెలియజేయాలి.